గుమ్మం దాటని జోడు ఇలిసలు

మొన్న కార్తీక మాసంలో ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అయిన బెంగాలీ ఆయన తలుపు తట్టి, నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టి, వచ్చే ఆదివారం మేడ మీద ఇలిశ్ చేపల ఉత్సవం చేస్తున్నామనీ, ఆవపిండి పట్టించిన ఇలిశ్, అరిటాకులో ఆవిరి మీద ఉడికించిన ఇలిశ్, వేయించిన ఇలిశ్ జన, ఇంకా ఏవేవో ఉంటాయనీ, పెద్దవారు కాబట్టి మీ పేరే మొదట రాసుకుంటామనీ ఎంతో ఆప్యాయంగా చెప్పుకొచ్చాడు. నేను ఆ కాగితం చదువుతూ జన, అంటే చేప గుడ్లు, అన్న మాట దగ్గర ఆగిపోయి, ఇది ఏ మాసమో తెలుసా బాబూ అని అడిగాను. ఆయన నాలుక కరుచుకుని, అయ్యో, మీ తెలుగువాళ్ళు కార్తీకంలో నీచు ముట్టరు కదా మాషీమా, మీకు వేరేగా పనీరు చేయిస్తాం అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వల మీద బతికిన ఇంట పుట్టినదాన్ని. మా ఇంట చేప వండని రోజంటే చేప దొరకని రోజే, దానికి కార్తీకమూ లేదు మాఘమూ లేదు. వద్దంటున్నది మా నియమం కాదు నాయనా, మీది, మీ అమ్మమ్మలు పెట్టిన నియమం, వెళ్ళి అడుగు అని తలుపు వేసేశాను. అప్పటినుంచీ లిఫ్టులో నేను కనిపిస్తే ఆయన మొహం అటు తిప్పుకుంటున్నాడు. తిప్పుకోనీ.

ఆ నియమం నాకు తెలిసింది మా అక్క అత్తగారి వల్ల. దేశం ముక్కలైనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చి, జాదవ్‌పూర్ అవతల శరణార్థుల కాలనీలో ఇల్లు కట్టుకున్న కుటుంబం వాళ్ళది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు గానీ ఆ అలవాటు నాకు అబ్బలేదు. ఆవిడంటే నాకు ఆవిడ బతికున్నన్నాళ్ళూ పడలేదు, పోయి ఇన్నేళ్ళయినా పడదు, ఆవిడ మాటే నిజమని తేలాక కూడా పడదు. నిజం చెప్పినంత మాత్రాన మనిషి మంచిదైపోతుందా? ఆవిడ పంతానికీ మా నాన్న పంతానికీ మధ్య నలిగింది మా అక్క. ఆ నలుగుడు దగ్గరుండి చూసినదాన్ని నేను.

మేం పుట్టి పెరిగింది గంగ ఒడ్డున బడ్జ్ బడ్జ్‌లో. మా నాన్న శ్రీకాకుళం తీరాన పుట్టి, పడుచుతనంలో వాళ్ళ పెదనాన్న వెంట రైలెక్కి వచ్చి, చమురు ఓడలు ఆగే జెట్టీలో మోకులు కట్టే గ్యాంగులో చేరాడు. మా వీధిలో సగం జనపనార మిల్లువాళ్ళు, సగం జెట్టీవాళ్ళు, దాదాపు అందరూ మా వైపువాళ్ళే. మిల్లు వెనక రేకుల షెడ్డులో తెలుగు బడి ఉండేది, నేను చదువుకున్నదీ అందులోనే, ఆ తర్వాత రిటైరయ్యే దాకా పంతులమ్మగా పాఠాలు చెప్పిందీ అందులోనే. ఆ కాలం ఎరిగినవాళ్ళకి ఆ వీధి వాసన నేను చెప్పక్కర్లేదు. తడిసిన జనపనార, కిరసనాయిలు, వానాకాలం వచ్చిందంటే వాటన్నిటినీ మించిపోయి ఇంటింటా ఇలిస వేపుడు. బెంగాలీవాళ్ళు ఇలిశ్ అంటారు, మా నాన్న పొలస అనేవాడు, ఆ ఒడ్డున పెరిగిన పిల్లలం మేం ఇలిస అనేవాళ్ళం. గుడ్లు పెట్టడానికి సముద్రం విడిచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప అది, ఏటి నీళ్ళు తాగిన కొద్దీ రుచి పెరుగుతుంది. నాన్న డ్యూటీ దిగి, ఘాట్ దగ్గర సొంత పడవ ఉన్న ఒక ముసలి బెంగాలీ దాదాతో కలిసి, పోటు చూసుకుని వల వేసేవాడు. గోదావరి వైపునుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య, పుస్తెలమ్మయినా పులస తినాలంటారు మా వైపు అని గొప్పగా చెబితే, మా అమ్మ, పుస్తెలెందుకమ్మా అమ్మడం, కాసేపాగు, మా ఆయన పట్టుకొచ్చీస్తాడు అందిట. ఆ ఆఫీసరుగారి భార్య ఆ మాట తలుచుకుని చాలా రోజులు నవ్వింది.

నాన్నకి చేప విషయంలో ఒకటే పట్టింపు ఉండేది. మోచేతి నుంచి వేలి కొస దాకా రాని ఇలిస ఆయన లెక్కలో చేప కాదు, పిల్ల. వలలో పడ్డాక ఇలిసని తిరిగి నీళ్ళలో వదలడం అన్నది ఉండదు, అది పడుతూనే ప్రాణం విడుస్తుంది. అందుకని పిల్ల అసలు పడకుండానే ఉండాలని పెద్ద కన్నుల వలే వాడేవాడు. అది దయ అని నేననను, పౌరుషం. పిల్ల చేపలు పట్టి తెచ్చాడంటే సముద్రం మీద పుట్టినవాడికి నామోషీ అని ఆయన బాధ.

మా అక్క జెట్టీ ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేసేది. బావ యూనియన్ ఆఫీసులో గుమాస్తా, దగ్గు మందు కోసం ఆ కిటికీ దగ్గరికి వచ్చేవాడు, ఎన్నాళ్ళయినా ఆ దగ్గు తగ్గకపోయేసరికి మా అమ్మకి అనుమానం వచ్చింది. ఎర్ర జెండాలవాళ్ళు కొత్తగా రాజ్యానికొచ్చిన రోజులవి. కులం లేదు, మతం లేదు, భాష లేదు, మనమంతా ఒకటే అని వీధి వీధినా మైకులు చెబుతుండేవి. బావ ఆ మాటలు పూర్తిగా నమ్మినవాడు, మా నాన్న సగం నమ్మినవాడు, బావ తల్లి బొత్తిగా నమ్మని మనిషి. పెళ్ళి మాటలకి ఆవిడ రాలేదు, మరిదిని పంపింది. మా వీధి ఆవిడ కాలికి సరిపోలేదు కాబోలు అని మా అమ్మ అప్పుడే గొణుక్కుంది. అయినా పిల్లలిద్దరూ గట్టిగా నిలబడ్డారు కాబట్టి పెళ్ళి మార్గశిరంలో అయిపోయింది.

పెళ్ళయ్యాక ఆడపిల్లవారు మగపెళ్ళివారింటికి పళ్ళేల నిండా సారె పంపాలనీ, అందులో చీరలూ మిఠాయిలూ ఎన్ని ఉన్నా మధ్యన ఒక పెద్ద చేపని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి పెట్టాలనీ పక్కింటి బెంగాలీ పిన్ని మా అమ్మకి చెప్పింది. చేప అని చెప్పింది గానీ ఏ చేపో చెప్పలేదు. అందరూ రోహునే పంపుతారు కాబట్టి చెప్పాలని ఆవిడకి తోచి ఉండదు. నాన్నకి రోహు అనగానే కోపం వచ్చింది. "సెరువులో మేపిన సేపని నా కూతురికి పంపుతానేటి? గంగలో రాణీని పంపుతాను" అన్నాడు. చలి ముదిరితే ఇలిస దిగువకి పోతుంది, దొరకదు. ఐనా దాదానీ పడవనీ పీడించి, మంచులో తిరిగి తిరిగి జోడు ఇలిసలు తెచ్చాడు, మోచేతి కొలత కన్నా పొడుగ్గా, పొట్ట నిండా జనతో. మా అమ్మ వాటికి ఎర్ర పట్టుగుడ్డ చుట్టి, బొట్టు పెట్టి, ఒకదానికి నా చిన్ననాటి ముక్కుపుడక కూడా పెట్టింది. నాన్న ఆ పళ్ళాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను మళ్ళీ చూడలేదు.

ఆ పళ్ళెం మోసింది నేనే. మెటాడోర్ వ్యానులో చిన్నాన్నా నేనూ మరికొందరు ఆడవాళ్ళూ కాలనీకి వెళ్ళేసరికి గుమ్మంలో శంఖాలు ఊదుతున్నారు. చీరల పళ్ళేలు లోపలికి వెళ్ళాయి, మిఠాయిలు వెళ్ళాయి. నా పళ్ళెం మీది గుడ్డ తీసి చూసి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఎర్రంచు తెల్ల చీర, కొంగున తాళాల గుత్తి, సన్నటి మొహం. ఇది లోపలికి రాదు, వెనక్కి తీసుకెళ్ళండి అంది బెంగాలీలో, అంతే, ఇంకొక మాట లేదు. శంఖాలు ఆగిపోయాయి. లోపల గదిలో కొత్త పెళ్ళికూతురిగా కూర్చున్న మా అక్కకి ఆ మాట వినిపించింది, తర్వాత తనే చెప్పింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య పట్టుగుడ్డ కట్టిన చేపలతో నేను అలాగే నిలబడిపోతే, చిన్నాన్న వచ్చి పళ్ళెం అందుకుని నన్ను వ్యాను ఎక్కించాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గుమ్మం తలుచుకుంటే నాకు మొహం వేడెక్కుతుంది.

నాన్న కేకలు వేస్తాడనుకున్నాం. వెయ్యలేదు. "అంగట్లో కొన్న సీరలు పనికొచ్చినాయి, అంగట్లో కొన్న మిఠాయిలు పనికొచ్చినాయి. నా సేత్తో పట్టింది పనికిరాలేదేటి?" అని మాత్రం అడిగాడు. పళ్ళెం తీసుకుని ఘాట్ మెట్లు దిగి, పట్టుగుడ్డతో సహా రెండింటినీ ఏట్లోకి విసిరేశాడు. మా అమ్మ వెనకాల పరిగెత్తుతూ, ముక్కుపుడకయినా తియ్యవయ్యా అని అరిచింది గానీ అప్పటికే అవి మునిగిపోయాయి. ఆ ముసిల్ది తన సేత్తో నా సేప అందుకున్న నాడే ఆ గడప తొక్కుతాను అని నాన్న ఆ మెట్ల మీద ఒట్టు పెట్టుకున్నాడు.

సంగతేమిటో అక్క పుట్టింటికి వచ్చినప్పుడు తెలిసింది. శరత్కాలంలో లక్ష్మీపూజ అయిన దగ్గర్నుంచి మాఘంలో సరస్వతీపూజ దాకా ఆ ఇంట ఇలిస అడుగు పెట్టదుట. అవి గుడ్లు పెట్టే రోజులు, పిల్లలు ఎదిగే రోజులు. కడుపుతో పుట్టింటికొచ్చిన ఆడపడుచుని ఎవరైనా కోసుకు తింటారా అంటుందిట ఆవిడ. సరస్వతీపూజ నాడు మాత్రం జోడు ఇలిసలు తెచ్చి, గుమ్మంలో వాటికి పసుపూ కుంకుమా పెట్టి, కొత్తకోడలిని పిలిచినట్టు లోపలికి పిలుస్తారుట. మీ నాన్నని ఆ రోజు జోడు ఇలిసలతో రమ్మను, నా చేత్తోనే అందుకుంటాను అని కబురు పంపింది. జరిగినదానికి చింతిస్తున్నానన్న మాట ఆ కబురులో లేదు. ఇదే ముక్క ఆ రోజు గుమ్మంలో చెప్పి ఉంటే ఏం పోయేది? నోట్లో ముత్యాలు రాలిపోతాయా? నాన్న కబురు విని, ముహూర్తం ఆవిడ పెడితే నాను మొయ్యాలేటి అని లేచి వెళ్ళిపోయాడు.

అక్కా బావా మా ఇంటికి వచ్చేవారు, నాన్న వాళ్ళతో బాగానే ఉండేవాడు, బావకి మంచి ముక్క వడ్డించమనేవాడు. వాళ్ళింటికి మాత్రం వెళ్ళేవాడు కాదు. అక్కకి కూతురు పుట్టింది. అన్నప్రాశన నాడు బిడ్డ నోట్లో మొదటి ముద్ద మేనమామ పెట్టాలి, మాకు అన్నదమ్ములు లేరు కాబట్టి తాతే పెట్టాలి. అక్క వచ్చి నాన్న కాళ్ళు పట్టుకుంది. వెళ్ళలేదు. ఆ రోజంతా ఘాట్ మెట్ల మీద కూర్చున్నాడు, ముద్ద ఇంకెవరో పెట్టారు, అక్క ఆ ఇంట్లో అందరి ముందూ కళ్ళు తుడుచుకుంది. పుట్టిల్లు ఉండీ లేనిదాన్నైపోయానే చెల్లీ అని నాతో అన్న మాట నేను నాన్నకి చెప్పాను, కావాలనే చెప్పాను. మనవరాలు వచ్చీరాని మాటలతో తాతా అని వేలు పట్టుకునే నాటికి ఆయన పంతం మెత్తబడింది. సరే, సరస్వతీపూజకి ఎళ్తాను, జోడు పట్టుకునే ఎళ్తాను అన్నాడు. అయితే అవి బజారులో కొన్నవి కాకూడదు, తన వలలో పడినవి అయి ఉండాలి, తన మోచేతి కొలతకి రావాలి. వద్దన్నది తన చేతి చేపని కాబట్టి అందుకోవలసిందీ తన చేతి చేపనే. ఆ మాటలో న్యాయం ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే ఈయన మనసు మెత్తబడేసరికి ఏరు మారిపోయింది. ఎగువన ఎక్కడో అడ్డుకట్ట వేశాక చేప రావడం తగ్గిందని దాదా అనేవాడు. మిల్లుల మురుగు తిన్నగా గంగలోకే వచ్చేది. అవన్నీ ఒక ఎత్తు, దోమతెర వలలు ఒక ఎత్తు. మిల్లులు మాటిమాటికీ మూతపడుతున్న రోజులవి, గేటుకి తాళం, గేటు ముందు జెండా, ఇంట్లో ఖాళీ కుండ. పని పోయినవాళ్ళు దోమతెర గుడ్డని వలగా కుట్టి ఏట్లో కట్టేవారు, అందులో నీళ్ళు తప్ప అన్నీ ఆగిపోయేవి. అరచేతిలో పట్టేంత ఇలిస పిల్లల్ని, ఖోకా ఇలిశ్ అంటారు వాటిని, బజారులో కుప్పలుగా పోసి అమ్మేవారు. కొనేవాళ్ళెవరు? ఇలిశ్ అంటే ప్రాణమని కవిత్వం చెప్పే బాబులే సంచులు పట్టుకుని క్యూ కట్టేవారు, కరకరలాడేట్టు వేయించుకుని మరమరాలతో నంజుకునేవారు. గంగ ఏమైపోతోందో అని టీ కొట్టు దగ్గర విచారించేదీ వాళ్ళే. వాళ్ళని చూస్తే నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే.

అలాంటి వల కట్టినవాళ్ళలో మా చిన్నాన్న ఒకడు. ఒక రోజు నాన్న ఘాట్‌కి వెళ్ళేసరికి చిన్నాన్న వల దులుపుతున్నాడు, మెట్ల మీద వెండి రేకులు పోసినట్టు పిల్ల చేపలు. నాన్న మోకులు కోసే కత్తి తీసి ఆ వలని నిలువునా చీల్చేశాడు. అన్నదమ్ములు కలబడ్డారు, జనం విడదీశారు. చిన్నాన్న రొప్పుతూ, "నీ కూతురి అత్తోరింటికి సేపలు కావాలని నా పిల్లలు పస్తుండాలేటి అన్నయ్యా?" అని అడిగాడు. నాన్న ఆ మాటకి తల దించుకున్నాడు. సాయంత్రం పార్టీ ఆఫీసులో పంచాయితీ పెట్టి, చిన్న చేపలు పట్టుకునేవాడు కూడా కార్మికుడే, సాటి కార్మికుడి పొట్ట కొట్టడం తప్పు అని నాన్నకి బుద్ధి చెప్పి, కొత్త వల కొనివ్వమన్నారు. కొనిచ్చాడు. ఆ తీర్పు చెప్పిన పెద్దమనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు చేతిలో చిన్నాన్న ఇచ్చిన చేపల పొట్లం ఉంది, నా కళ్ళతో చూశాను. బావ ఆ ఆఫీసులో మూల బెంచీ మీద కూర్చుని కూడా నోరు విప్పలేదు, అందుకు అక్క అతనితో చాలా రోజులు మాట్లాడలేదు. చిన్నాన్నా నాన్నా ఇక జన్మలో పలకరించుకోలేదు.

ఏటేటా మాఘం వచ్చేది. ఏటేటా నాన్న దాదాతో పడవ దించేవాడు. ఏమీ పడని ఏడు ఏమీ పడేది కాదు, పడిన ఏడు కొలతకి వచ్చేది కాదు. బజారులో డైమండ్ హార్బర్ నుంచి మంచులో వచ్చిన పెద్ద చేపలు ఉండేవి, అవి కొని పట్టుకెళ్ళు, ఎవరికి తెలుస్తుంది అని మా అమ్మ ఎన్నిసార్లు మొత్తుకుందో. నాకు తెలుస్తాది కదే అనేవాడు. ఒక సరస్వతీపూజ నాడు మాత్రం మంచు విడుతున్న వేళ ఆయన ఘాట్ మెట్లెక్కి వస్తుంటే చేతిలో ఇలిస ఉంది. మోచేతికి మించిన ఇలిస, మా చిన్నప్పటి ఇలిస. ఒకటే. వీధి వీధంతా చూడడానికి వచ్చింది. మా అమ్మ పసుపు గుడ్డ తీసింది, నేను చీర మార్చుకున్నాను, ఒక్కటైతేనేం బయల్దేరమన్నాను. జోడు అన్నాది ఆవిడ, ఒంటి సేప ఎత్తుకెళ్ళి రెండోసారి ఎనక్కి రావాలేటి అని నాన్న మళ్ళీ పడవెక్కాడు. మధ్యాహ్నం దాకా చూశాడు, పోటు అయిపోయి పాటు మొదలైంది, బడిలో పూజ అయిపోయి పిల్లలు ప్రసాదాలు తింటూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. రెండోది పడలేదు. ఇంటికొచ్చి, వచ్చే యేడు ఒస్తాది అన్నాడు. ఆ చేపని అమ్మ వండింది గానీ ఆయన ముట్టలేదు.

వచ్చే ఏడు ఆయన లేడు. శ్రావణంలో, ఇలిసలు రావలసిన వానల్లోనే, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పుడు వచ్చింది ఆవిడ మా ఇంటికి, మొదటిసారి. మా అమ్మ పీట వేసింది, కూర్చుంది. ప్రతి సరస్వతీపూజకీ పసుపూ కుంకుమా గరికా పెట్టిన పళ్ళెంతో మధ్యాహ్నం దాకా గుమ్మంలో నిలబడేదాన్ని, ఎవరు చేప తెచ్చినా ముందు మీ ఆయన వస్తాడేమో చూద్దాం అనేదాన్ని అని మా అమ్మతో చెప్పి ఏడిచింది. మా అమ్మ కూడా ఏడిచింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గుమ్మంలో నిలబడే ఓపిక ఉన్న మనిషి ఒక్క రైలెక్కి బడ్జ్ బడ్జ్ రాలేకపోయిందా? చచ్చాక వచ్చిన కాళ్ళు బతికుండగా రాకూడదా? ఆయన ఒక్కసారి బజారు చేప కొని ఉండకూడదా? ఇద్దరి మీదా కోపమే. నాన్న మీది కోపం కొన్నాళ్ళకి పోయింది, ఆవిడ మీదిది పోలేదు.

ఆవిడా పోయాక తాళాల గుత్తి మా అక్క కొంగుకి వచ్చింది. ఇక ఆ పాత గొడవలు తీరిపోయాయనుకున్నాను. ఒక కార్తీక మాసంలో, నా దగ్గర చదువుకున్న పిల్లవాడి తండ్రి మంచి ఇలిస ఒకటి తెచ్చి ఇస్తే, ఒక్కదాన్నీ ఏం తింటానని అక్క దగ్గరికి పట్టుకెళ్ళాను. అక్క సంచిలోకి చూసి గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది. "ఏటనుకోకు చెల్లీ. ఈ నెలల్లో ఇలిస మా గడప తొక్కదు" అంది. మా అక్క! మా అమ్మ కడుపున పుట్టి, ఆ చేపల వల్లే అన్నేళ్ళు ఏడ్చిన మా అక్క! అదే గుమ్మం, అదే చెయ్యి, నేనే మళ్ళీ బయట. నోటికొచ్చినవన్నీ అనేసి, ఆ చేపని ఆటో అతనికి ఇచ్చేసి వచ్చాను, ఆ తర్వాత చాలాకాలం దానితో మాట మానేశాను. అది కూడా ఏం తగ్గలేదు. ఇద్దరం నాన్న కూతుళ్ళమే కదా.

మళ్ళీ కలిపింది కూడా ఆ చేపే. ఎర్ర ప్రభుత్వం చివరి రోజుల్లో చేపల శాఖవాళ్ళకి ఉన్నట్టుండి ఇలిస మీద ప్రేమ పుట్టి ఘాట్‌లలో బోర్డులు పెట్టడం మొదలుపెట్టారు. మా వీధివాళ్ళ కోసం తెలుగులో కూడా రాయాలని మా బడికి వచ్చి, ఆ రెండు వాక్యాలూ నన్ను రాసిపెట్టమన్నారు. చిన్న ఇలిసను పట్టవద్దు, చిన్న కన్నుల వల వాడవద్దు. గుడ్లు పెట్టే రోజుల్లో ఇలిసను పట్టవద్దు, కొనవద్దు, తినవద్దు. రాసి, ఆ కాగితం మళ్ళీ చదువుకున్నాను. మొదటిది మా నాన్న మాట. రెండోది ఆవిడ మాట. ఒక గుమ్మానికి అటూ ఇటూ నిలబడి జీవితాంతం ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరి మాటలూ కలిపితే సర్కారువారి బోర్డు అయింది. ఆ ఇద్దరూ ఒక్క పూట కూర్చుని మాట్లాడుకుని ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటే ఆ రోజు నాకు మొదటిసారి ఏడుపొచ్చింది. అక్కకి ఫోను చేశాను. ఆ బోర్డు కింద ఇప్పటికీ గంపలో ఖోకా ఇలిశ్ పెట్టుకుని అమ్ముతూనే ఉన్నారు, బోర్డు నీడ వాళ్ళకి పనికొస్తోంది.

ఇప్పుడు ఏ నెలలో అయినా ఇలిస దొరుకుతుంది. బర్మా నుంచి వస్తుంది, ఎక్కడెక్కడి మంచుగిడ్డంగుల్లోంచో వస్తుంది, ఫోనులో నొక్కితే ఇంటికొస్తుంది, కార్తీకంలో జనతో సహా మేడ మీద ఉత్సవం జరుగుతుంది. మా గంగది మాత్రం దొరకదు. కాలనీలో ఆ పాత నియమం పాటించే ఇల్లు మా అక్కది ఒక్కటే మిగిలింది, అది కూడా బెంగాలీది కాని కోడలి వల్ల. అక్క మనవలు నవ్వుతారు, అక్క కోడలు విసుక్కుంటుంది. నేను ఇప్పుడు అక్క పక్షం.

పోయిన సరస్వతీపూజ నాడు ఇద్దరం పొద్దున్నే బజారుకి వెళ్ళాం. మంచు మీద ఉన్నవాటిని అక్క కన్నెత్తి చూడలేదు. ఒక మూల ఒకతను, గంగదే దీదీ, ఇవాళ పడిందే అని రెండు చూపించాడు. అక్క వంగి, చీర కొంగు పక్కకి తీసుకుని, తన ముంజేయి వాటి పక్కన పెట్టింది. మణికట్టు దగ్గరికే ఆగిపోయాయి. ఆ చేతిని అలా పెట్టడం నాన్నని చూసి నేర్చుకున్నదే. పిల్లలు, ఇంకా ఎదగాలి అని లేచింది. అతను వెనకనుంచి ఏదో వెక్కిరింపుగా అంటే నేను తిరిగి అతన్ని చెడామడా తిట్టాను.

ఖాళీ సంచితో ఇంటికొచ్చాం. గుమ్మంలో పసుపూ కుంకుమా గరికా పెట్టిన పళ్ళెం అలాగే ఉంది. ఎవరూ రారని తెలిసీ మధ్యాహ్నం దాకా అక్క దాన్ని తియ్యలేదు, నేను కూడా తియ్యమనలేదు. ఒకప్పుడు వద్దని చేప మొహం మీద మూసుకున్న గుమ్మం అది, ఇప్పుడు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఎండ గడప దాటి లోపలికొచ్చాక అక్క ఆ పళ్ళాన్ని కడిగి బోర్లించి, వచ్చే యేడు ఒస్తాది అంది.